మరపడవలు - యజమానుల మార్పులు

పడవ యనఁగానే మనలోఁ జాలమందికి కార్తికమాసమునఁ గృష్ణానదిపై విహారమో, పాపికొండల యాత్రయో జ్ఞప్తికి వచ్చును. టిక్కెట్టు కొని యెక్కుదుము; అవ్వలిగట్టునఁ దిగుదుము. ఆ పడవకు ఇంజను ఎప్పుడు తగిలించిరి, పైయంతస్తు ఎవరు కట్టిరి, ప్రక్కలు ఎందులకు మూసిరి యని యడుగువారు మనలో లేరు. పుట్టినప్పటి రూపముతోనే తుదిదాఁక నుండు పడవ మన డెల్టాలోఁ గాని, మన సముద్రతీరమునఁ గాని యరుదు. కొన్నవాఁడు కొన్ననాఁటినుండి దానికి ఏదో యొకటి చేర్చుచునే యుండును. ఏదో యొకటి తీసివేయుచునే యుండును. ఆ మార్పులలోఁ గొన్ని మిక్కిలి తెలివైనవి, కొన్ని ప్రాణాంతకములు. ఈ రెంటికిని భేద మెక్కడ నున్నదో తెలిసికొనుట గృహిణులకేల యని తలంపవలదు. ఆ బల్లలమీఁదఁ గూర్చుండువారు మనమును మన పిల్లలును గదా!

మా గన్నవరము ప్రక్కనుండి ఏలూరు కాలువ పాఱుచున్నది. 1852-55 సంవత్సరముల నడుమ బెజవాడయొద్ద ఆనకట్ట కట్టిన యింజనీర్లు ఈ కాలువలను సేద్యమునకే గాక పడవల రాకపోకలకుఁ గూడఁ దగినట్లు త్రవ్వించి, దిగుడు వచ్చినచోట లాకులు కట్టించిరి. నాఁటి కాలువపడవకు గాలియుఁ గళాసుల భుజములునే యింజనులు. గాలి యనుకూలించినచోఁ దెరచాప యెత్తెడివారు. లేనిచో గట్టువెంట నడచుచు త్రాటితో లాగెడివారు. ఆ పడవ యడుగు వెడల్పు, లోఁతు తక్కువ, ధాన్యపు బస్తాలైనను ఉప్పైనను బరువంతయు నడుగుననే. అందుచేత నది మెల్లగాఁ బోయెడిది గాని తొట్రిలెడిది కాదు. రోడ్లును లారీలును బెరిగిన పిదప, గత శతాబ్దపు టుత్తరార్ధమున, ఆ రాకపోకలు సన్నగిల్లినవి. ఇటీవల మా యూరి విమానాశ్రయపు రన్‌వేను పొడిగించుటకై ఆ కాలువనే ప్రక్కకుఁ ద్రిప్పవలసివచ్చినది. పడవల దారిని విమానములు పుచ్చుకొన్నవన్నమాట! కావున మరపడవ కథ కొఱకు మనము కాలువగట్టు విడిచి సముద్రపు టొడ్డునకుఁ బోవలెను. అక్కడనే పడవవాఁడు తన పడవను తానే దిద్దుకొనుచు వచ్చిన చరిత్ర స్పష్టముగాఁ గానవచ్చును.

మన తీరమునకు ఆదినావ తెప్ప. కొన్ని దుంగలను జేర్చి బిగించుటయే దాని నిర్మాణము. దానికి గోడలు లేవు గనుక లోనికి నీరు వచ్చుననుమాటయే లేదు. కెరటము పైనుండి దొర్లిపోవును. దుంగల సందులనుండి జాఱిపోవును. తలక్రిందులైనను మరలఁ ద్రిప్పి యెక్కవచ్చును. మునుఁగుట దానికిఁ దెలియని విద్య. వేఁటనుండి వచ్చిన పిదపఁ గొన్నియూళ్లలోఁ గట్లు విప్పి దుంగలను ఇసుకపై నారఁబెట్టెడివారు. నీరు పీల్చిన దుంగ బరువెక్కును. మనము తడిసిన పీటను గోడకుఁ జేరవేసి యెండఁబెట్టునట్లే. తెప్పకుఁ దోడు నావ. పలకలతోఁ గట్టిన లోఁతైన పడవ. కాకినాడ ప్రాంతములందును ఏటిమొగలయందును దానివాడుక యెక్కువ.

ఈ తూర్పుతీరమునఁ బెద్దరేవులు తక్కువ. పల్లెలన్నియు ఇసుకమీఁదనే. ప్రతిదినమును నురుగుకెరటములను జీల్చుకొని పోవలయును. మరల ఆ కెరటములమీఁదనే యొడ్డెక్కవలయును. మరపడవను దెచ్చినవారి విద్యనంతను బరీక్షించినవి యీ కెరటములే.

పడవ వెనుకఁ దగిలించి యవసరమైనపుడు పైకెత్తుకొను ఇంజను అమెరికాలో 1909వ సంవత్సరము నాఁటికి వ్యాపారమునకు వచ్చినది. నార్వేదేశమునఁ బుట్టి అమెరికాలోని మిల్వాకీ నగరమున స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ దానిని తయారుచేసెను. తనకుఁ గాఁబోవు భార్యకై సరస్సు దాఁటి ఐస్‌క్రీము తెచ్చుచుండఁగా, తెడ్డు వేయునంతలో నది కరఁగిపోయినదనియు, అపుడాతని కీ యూహ తట్టినదనియుఁ జెప్పుదురు. ఆ కథ యెట్లున్నను, లెక్కలు చూచి, ప్రకటనలు వ్రాసి, ఆ వ్యాపారమును నిలువఁబెట్టినది అతని భార్య బెస్ అనుట మాత్రము సత్యము. యంత్రచరిత్ర వ్రాయువారు ఆమెను ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. మన పురాణములే మేలు. యమునపై నావ నడపిన సత్యవతి లేనిచో భారతకథయే లేదు.

మన దేశమున మరపడవల ప్రయత్నము స్వాతంత్ర్యానంతరము గట్టిగా సాగినది. 1952లో నార్వేదేశముతో నొడంబడిక జరిగి కేరళతీరమునఁ బని యారంభమయ్యెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన నౌకాశిల్పులు ఆ దశాబ్దముననే మన తీరపు పడవలను బరిశీలించి క్రొత్తనమూనాలు గీచిరి. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఆ వంశమునఁ బుట్టిన బోట్లకుఁ బాబ్లో, రొయ్య, సొర, సోనా యని పేళ్లు. ఇంచుమించు ముప్పది యడుగుల పొడవునుండి నలువది యడుగులు మించుదాఁక నివి క్రమముగాఁ బెరిగినవి. ఆ పేళ్లలోనే చరిత్ర యున్నది. రొయ్యలకు విదేశములలో గిరాకి పెరిగినకొలఁదిని బోటు పొడవు పెరిగినది. మొదట నివి ప్రొద్దున బోయి సాయంకాలమునకు వచ్చునట్లు గట్టినవి. ఉదయపు వేఁట యందుననే దొరకు రొయ్య తఱిగిన పిదప, యజమానులు వానిలో మంచుగడ్డ నిలువయుంచు అఱలు కట్టించి, నూనె పీపాలను నీటి పీపాలను బెంచి, వారముదాఁక సముద్రముమీఁదనే యుండునట్లు చేసిరి. వంగదేశపు తీరమెదుటనున్న శాండ్‌హెడ్సు దాఁకఁ బోయి వేఁటాడిరి.

ఇందుచే రాబడి పెరిగినది, ప్రమాదమును బెరిగినది. ఒక్కదినపు వేఁటకుఁ బోవువాఁడు ఆకాశము చూచి వెనుకకు వచ్చును. వారము దినముల వేఁటకుఁ బోయినవానికి వార్త యెవరు చెప్పవలయును? 1996 నవంబరు 6వ తేదిన కాకినాడ ప్రాంతమును గొట్టిన తుపానునందు సముద్రముమీఁద నున్న మత్స్యకారులనేకులు తిరిగి రాలేదు. బోటునకు మంచు అఱ చేర్చినవారు ఆ దూరమునకుఁ దగిన రేడియోను గూడఁ జేర్చుకొనవలసియుండెను. నేఁడు జి.పి.ఎస్., వి.హెచ్.ఎఫ్. రేడియో పెద్దబోట్లలో సామాన్యములైనవి. ఉపగ్రహముద్వారా వార్త యందించు ట్రాన్స్‌పాండర్లను బోట్లకు బిగించు పథకమును 2024లోఁ గేంద్రప్రభుత్వ మారంభించినది.

చిన్నవాని కథ వేఱు. సొరబోటు రేవులేనిదే నిలువదు. ఇసుకపల్లెలలోని తెప్పవానికి మర యెట్లు? చెన్నపట్టణము కేంద్రముగా 1979లో నారంభమైన బంగాళాఖాత పథకము ఈ ప్రశ్ననే చేతఁబట్టినది. తూర్పుగోదావరి తీరమునందలి ఉప్పాడ మొదలగుచోట్ల, కెరటములమీఁదినుండి యిసుకపై కెక్కఁదగిన మరపడవలను నడపి పరీక్షించిరి. అందలి చిక్కు వినుఁడు. డీజిలు ఇంజను చౌకగా నడచును గాని బరువైనది. దానిని బడవలో స్థిరముగా బిగింపవలెను. స్థిరముగా బిగించినచో నీటిక్రిందనున్న పంకా యిసుకకుఁ దగిలి విఱుగును. అందులకై ఆ పథకమువారు ఇంజనును, కడ్డీని, పంకాను ఒకే కీలుమీఁద ఊఁగునట్లమర్చి, ఒడ్డు సమీపింపఁగానే తోఁక నెత్తుకొనునట్లు చేసిరి. కీలుచుట్టు నీరు చొరకుండ రబ్బరుతొడుగు వేసిరి. శిల్పులు చాల తెలివిగాఁ గట్టిన పడవలవి. అయినను ఆ పడవలు యథాతథముగాఁ దీరమంతయు వ్యాపింపలేదు. ధర యెక్కువ, ఒడ్డునకు లాగుటకు మనుష్యులెక్కువమంది కావలయును.

అప్పుడు మనవారు చేసినపని చూడఁదగినది. మొత్తము పడవను దీసికొనక, తమకుఁ గావలసిన ముక్కలను మాత్రము దీసికొనిరి. తెప్ప ఆకారమును విడువలేదు. దుంగలు దొరకుట కష్టమై, ధర పెరిగినకొలఁది, వానికి బదులుగా లోపల థర్మాకోలు నింపి పైన గాజునార పొర పోసిన ఫైబరుతెప్పలు వచ్చినవి. మునుఁగకుండుట యను పాతగుణము నిలిచినది; దుంగ నారఁబెట్టు పని తప్పినది. థాయిలాండు మొదలగు దేశములలోవలె పొడవైన కడ్డీ చివరఁ బంకాగల చిన్న డీజిలు ఇంజనును వెనుక తిరుగుడు కీలుమీఁద నిలిపిరి. చేతితో నొక్కిన పంకా పైకి లేచును; ఇసుక భయము లేదు. చుక్కాని యక్కఱయు లేదు, ఆ కడ్డీయే చుక్కాని. వంటకోడలు పప్పుగుత్తినే తెడ్డుగాఁ ద్రిప్పినట్లు, ఒక్క సాధనముతో రెండు పనులు జరిగినవి.

దానితో నాఁగలేదు. ఇంజను కంపనమునకు వెనుకభాగము పగులుచున్నదని యక్కడఁ గొయ్యదిమ్మెను బొదిగిరి. వల తగిలి యంచు అఱుగుచున్నదని యంచునకు అదనపు పొర పోసిరి. నీటిజల్లు ఇంజనుపై బడుచున్నదని దానికి రేకుపెట్టె కట్టిరి. ముందరి కొమ్ము కెరటములోఁ గూరుకొనుచున్నదని దానిని మఱికొంచె మెత్తిరి. కట్టువారు ఒక మంచిపడవ మీఁదనే అచ్చు తీసి, ఆ యచ్చును గోసి రెండడుగులు పొడిగించి, క్రొత్తదానిని బోయుటయుఁ గలదు. కాగితముమీఁద గీఁత లేదు, లెక్క లేదు. లెక్కకు బదులు మఱునాఁటి యుదయము ఆ పడవ కట్టించుకొన్నవాఁడే దానినెక్కి కెరటములలోనికిఁ బోవును. మార్పు చెడ్డదైనచో మొదట మునుఁగువాఁడు వాఁడే. అందుచేఁ జెడుమార్పులు త్వరగా రాలిపోయి, మంచివి మాత్రము ప్రక్కపల్లెకుఁ బాఁకినవి. 2004 డిసెంబరు 26వ తేది సునామీ పిదప దానముగాఁ బంచిన ఫైబరుపడవలలోఁ గొన్ని తొందరపాటుతోఁ గట్టినవగుటచేఁ ద్వరలోనే చీలిపోయినవని విన్నపుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. వానిని గట్టినవాఁడు వాని నెక్కఁబోవువాఁడు కాఁడు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేఁట నిషిద్ధము. చేఁపలు గ్రుడ్లు పెట్టు కాలమది. మచిలీపట్టణముకడ గిలకలదిండి రేవులోఁ గాని, నిజాంపట్టణములోఁ గాని ఆ దినములలో వేఁటలేదు గాని పనియున్నది. పడవలకుఁ జికిత్సలు జరుగు కాలమదియే.

ఇంజను వచ్చినందువలన నింటిలో జరిగిన మార్పును గూడఁ జెప్పవలయును. వేఁటలో వచ్చినదానిని వాటాలుగాఁ బంచుకొనుట తీరమునందలి పురాతనాచారము. వేఁటకుఁ బోయిన ప్రతిమనుష్యునికి వాటా. పడవకును వలకును వాటా. ఇంజను రాఁగానే చాలచోట్ల దానికిని వాటా యేర్పడినది. నూనె వెలను ముందుగాఁ దీసివేసిన పిదపనే పంపకము. ఇంజను వేఁటకు రాని బంధువువంటిది. అన్నము తినును, నూనె త్రాగును, వాటా యడుగును. అది తెచ్చిన యదనపు చేఁప ఆ వాటాకు మించినపుడే కూలివాని కుటుంబమునకు లాభము. మఱియొకటి. తెప్ప యిసుకమీఁద కెక్కునపుడు ఆ యింటి స్త్రీలే గంపలతో నెదురేఁగి చేఁపను దీసికొని యూరూర నమ్మెడివారు. గంపలోని సొమ్ము వారిచేతనే యుండెడిది. పెద్దబోటు రేవున కట్టువడినపుడు అక్కడ వేలముపాట. వర్తకుఁడు లారీతో వచ్చును. గంపవారు ఆ పాటలో నిలిచి కొనవలసినవారైరి. పడవ పదియడుగులు పెరుగుటచే నొక యింటిలోఁ బెత్తనము చేతులుమాఱుట వింతగాఁ దోఁచినను నిజము. చిన్న ఫైబరుపడవ మరల నిసుకమీఁదికే వచ్చుచున్నది గనుక, గంపకు కొంత బ్రదుకు మిగిలినది.

ఇఁక మనము టిక్కెట్టు కొని యెక్కు పడవల సంగతి. దానికి ముందు పడవ యేల నిలుచును, ఏల పల్టీకొట్టును అనుదానిని జెప్పుకొందము. ఇందులకు గణితము అక్కఱలేదు. పెరటిలోని తొట్టి చాలును. ఖాళీబిందెను దొట్టిలో నిలువఁబెట్టి విడువుఁడు, ప్రక్కకుఁ బడిపోవును. అడుగునఁ గొంచెము ఇసుక పోసి విడువుఁడు, నిటారుగా నిలుచును. ప్రక్కకు నెట్టినను దానంతట లేచును. ఇసుకను అడుగునఁ బోయక, మూఁతిమీఁద పళ్లెముపెట్టి దానిలోఁ బోయుఁడు, తటాలునఁ దలక్రిందగును. బరువు ఒక్కటే, ఉన్నచోటు వేఱు. ఇంతియే నౌకాశాస్త్రపు మొదటిపాఠము. రెండవపాఠము మనకు మఱింత పరిచితమైనది. పళ్లెమునిండ నీరుపోసి నడువుఁడు. కొంచె మొరగఁగానే నీరంతయు నొరగినప్రక్కకే పరుగెత్తి మఱింత యొరగించును. పడవ యడుగునఁ జేరిన నీరును నంతే. పైయంతస్తున నేదో వింత చూచుటకై యొకప్రక్కకుఁ బరుగెత్తిన జనులును నంతే. గుంపు కూడ నీటివంటిదే.

మంచి యుద్దేశముతోఁ జేసిన మార్పు సైతము బడవను ముంపఁగలదు. అమెరికాలోని షికాగో నగరమున ఈస్టులాండు అను విహారనౌక యుండెడిది. టైటానికు మునిఁగిన పిదప ప్రతి నౌకలోను రక్షణపడవలు చాలినన్ని యుండవలెనని చట్టము వచ్చినది. అదివఱకే తలబరువుగానున్న ఈస్టులాండుపై ఆ రక్షణపడవలను గూడ నెక్కించిరి. 1915 జూలై 24వ తేదిన ఒక కర్మాగారపు పనివారు కుటుంబములతో విహారమునకై యెక్కిరి. రేవు విడువకముందే, కట్టుత్రాళ్లతో నుండఁగానే, అది ప్రక్కకుఁ బడిపోయినది. 844మంది మరణించిరి. ఒడ్డు కొలఁది యడుగుల దూరముననే యున్నది. ప్రాణరక్షణకై యెత్తినవస్తువే పళ్లెములోని యిసుక యైనది.

మన ప్రాచీనులకు నీ యెత్తుసంగతి తెలియదని తలంపరాదు. భోజునిపేరఁ బ్రసిద్ధమైన యుక్తికల్పతరువునందు నావలను దీర్ఘములు, ఉన్నతములు అని విభజించి, ఉన్నతములలోఁ గొన్నింటిని కీడుకలిగించునవిగాఁ జెప్పిరి. గది నావ మొత్తమును గప్పునదైన సర్వమందిరయనియు, నడుమ నుండునదైన మధ్యమందిరయనియు, ముందుండునదైన యగ్రమందిరయనియుఁ బేళ్లుపెట్టి, ఏది యేకాలమునకుఁ దగునో వ్రాసిరి. గది యెక్కడఁ గట్టవలెనను ప్రశ్నకు వేయేండ్లనాఁడే మనవారు గ్రంథమునఁ జోటిచ్చిరి. నేఁటి పడవ యజమాని రేకు, ఇనుపగొట్టములు తెచ్చి యొక వారములోఁ బైయంతస్తు లేపుట చూచినపుడు ఆ గ్రంథము గుర్తుకు వచ్చుచుండును.

మన నదులమీఁది యనుభవము కఠినమైనది. 2017 నవంబరు 12వ తేది, కార్తికమాసపు ఆదివారము. భవానీద్వీపమునుండి పవిత్రసంగమమునకు హారతి చూడఁబోవుచున్న పడవ ఇబ్రహీంపట్నము ఫెర్రీయొద్ద బోల్తాపడి ఇరువదిమందికిఁ బైగా మరణించిరి. ఎక్కువమంది ఒంగోలునుండి వచ్చిన యాత్రికులు. ఆ పడవకు యాత్రికులను ఎక్కించుకొను ననుమతి లేదని యధికారులు ప్రకటించిరి. 2018 మే 15వ తేదిన దేవీపట్నము మండలమున మంటూరుకడ, గాలివానలో ఒక లాంచి గోదావరిపాలయినది. సిమెంటుబస్తాలు నెక్కించిరి, వాన జల్లునకుఁ గిటికీలు తలుపులు మూసికొనిరి. మూసికొన్న గది గాలికి తెరచాపవలెఁ బట్టునిచ్చును. మునిఁగినపుడు లోనివారికి వెలికివచ్చు దారి యుండదు. తెప్పకు గోడలు లేకపోవుటలోని తెలివి యిక్కడ బోధపడును. 2019 సెప్టెంబరు 15వ తేదిన కచ్చులూరుకడఁ గోదావరి వరదలో, సుడులలోఁ జిక్కి, రెండంతస్తుల విహారపడవ మునిఁగి సుమారు ఏఁబదిమంది పోయిరి. అక్కడ వరదయే ప్రధానకారణము. ఆ వేళఁ బడవను విడుచుటయే తప్పు. ఇన్నూఱడుగులకు మించిన లోఁతునుండి దానిని అక్టోబరు 22వ తేదిన, ఇనుపత్రాళ్లతో లంగరులతో, కాకినాడవాసి ధర్మాడి సత్యము బృందము వెలికితీసినది. కొలఁదిమాటలలో వ్రాసితిని గాని, ఆ ముప్పదియెనిమిది దినములు ఒడ్డునఁ గాచుకొని యున్న కుటుంబములను దలఁచుకొన్నచోఁ గలము సాగదు.

సముద్రపు తెప్పవానికిని నదిమీఁది విహారపడవ యజమానికిని భేదమిదియే. తెప్పవాఁడు మార్చిన పడవలోఁ దాను కూర్చుండును. విహారపడవ యజమాని మార్చిన పడవలో మనము కూర్చుందుము. ఆయన టిక్కెట్లబల్లయొద్ద నుండును. సరంగు జీతగాఁడు; వలదని చెప్పఁజాలఁడు. పైయంతస్తు వేసినందువలన నిరువది టిక్కెట్లు పెరిగినవను లెక్క యజమానికిఁ దక్షణమే కనఁబడును; పడవ నిలుకడ తఱిగినదను లెక్క గాలి వచ్చినదాఁకఁ గనఁబడదు.

ఇసుకపడవల మాట విడువరాదు. కృష్ణలో నిసుకతీయు పడవలు ఒకప్పుడు కొయ్యవి, గెడతో నడచునవి. పిదప నవి యినుపవైనవి, ఇంజను పెట్టుకొన్నవి, పెరిగి పెరిగి ఒక్కొక్కటి పదులటన్నుల బరువైనవి. 2024 సెప్టెంబరు నెల మొదట ప్రకాశం బ్యారేజికి పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినపుడు, అట్టి పడవలు కట్లు తెంచుకొనివచ్చి బ్యారేజి ద్వారములను ఢీకొని, వాని నెత్తుటకు సాయపడు బరువుదిమ్మెలను బగులఁగొట్టినవి. పాతకొయ్యపడవ యైనచోఁ దానే ముక్కలయ్యెడిది. పడవ బలపడినది గాని దానిని గట్టిన త్రాడు ఆ మేరకు బలపడలేదు. వానిని వెలికిఁదీయుటకు ఈఁతగాండ్రు నీటిలో మునిఁగి యినుమును గోయవలసివచ్చి, వారములు పట్టినది.

చట్టము లేకపోలేదు. 1917 నాఁటి పాతచట్టమునకు బదులుగా 2021లో దేశీయ జలనౌకల చట్టము వచ్చినది. దానిప్రకారము మరపడవను గట్టుటకే గాక, కట్టినదానిని మార్చుటకుఁ గూడ ముందుగా ననుమతి పొందవలయును. తనిఖీ పత్రము, బీమా, ప్రాణరక్షణ సాధనములు ఉండవలయును. కచ్చులూరి దుర్ఘటన పిదప 2020లో మన రాష్ట్రమునఁ గృష్ణాగోదావరులమీఁదఁ గొన్ని రేవులలోఁ బడవల కంట్రోలురూములు స్థాపించిరి. చట్టము గట్టిదే, కాని రేవులో నిలిచి పడవను జూచు కన్ను మన యందఱికిని దేవుఁడిచ్చినాఁడు.

ఆ కన్నుతోఁ జూడవలసినవి కొన్ని. ఎక్కుటకుముందు పడవను దూరమునుండి, ముందువైపునుండి చూడుఁడు. ఖాళీగా నున్నపుడే యొకప్రక్కకు ఒరగియున్నచో దాని బరువు చక్కగా లేదు. పైభాగపు రంగు, కడ్డీలు, అతుకులు క్రిందిభాగముతో సరిపోలక యున్నచోఁ బైయంతస్తు తరువాత వచ్చినదని గ్రహింపుఁడు; అట్టిదానిలోఁ గ్రిందనే కూర్చుండుట మేలు. నలుగురు ఒకప్రక్క నెక్కఁగానే పడవ యొరగి, మరల వెంటనే లేచి నిలిచినచో మంచిది. ఒరగి, తాపీగా, ఆలోచించుకొన్నట్లు లేచినచో దానికిఁ దలబరువున్నది. ప్రక్కన నీటిగీఁత గీచియున్నదేమో చూడుఁడు. ఎంతబరువువఱకు దిగవచ్చునో తెలుపు నట్టిగీఁతను ఓడలకు విధిగా గీయవలెనని ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుఁడు పోరాడి 1876లోఁ జట్టము తెప్పించెను. ఓడ యజమానులు ఆయనను బిచ్చివానిఁగాఁ జూచిరఁట. గీఁత నీటిలో మునిఁగియున్న పడవలో, ఎంత బంధువు లెక్కినను, మీరెక్కవలదు. కిటికీలకుఁ దెరలే గాని తలుపులు, గాజులు బిగించియున్నచో, నెక్కఁగానే వెలికివచ్చు దారి యెక్కడనో పిల్లలకుఁ జూపుఁడు. ప్రాణరక్షణ జాకెట్లు మూటగట్టి పైకప్పునఁ గుక్కియుంచిన పడవలు నేను జూచితిని. అవి చేతికందుచోట నుండవలెను. పెద్దల జాకెట్టు పిల్లలకు వేసినచో నీటిలో వారి తలమీఁదుగా జాఱిపోవును. పిల్లల కొలతవి వేఱుగా నున్నవా యని సరంగు నడుగుఁడు, ఉన్నచో నెక్కకముందే వేయించి, కాళ్లసందునఁ బోవు పట్టీని బిగించి కట్టుఁడు.